మారిషస్ నేల, చెరకు, తెలుగువాళ్లు: మీ మూడు ప్రశ్నలకు జవాబు

మీరు అడిగినవి మూడు. అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవి కాబట్టి నేల బంగారం పండాలి కదా, మరి మారిషస్ తన తిండిలో నాలుగింట మూడు వంతులు ఎందుకు దిగుమతి చేసుకుంటుంది? చెరకు తగ్గిపోయాక ఆ దేశం దేనిమీద బతుకుతోంది? కోరంగి వైపు నుంచి ఓడెక్కిన మీ పూర్వీకుల ఊరి వివరం అక్కడి రికార్డుల్లో దొరుకుతుందా? మూడింటికీ విడివిడిగా జవాబు చెబితే అసలు విషయం జారిపోతుంది. అడుగున ఉన్న రాయి వయసెంత, వాన ఏ వైపు పడుతుంది అన్నచోట మొదలుపెడితే చెరకు ఎందుకు నిలిచిందో, దాని కోసం మనుషుల్ని ఎందుకు తెచ్చారో, వాళ్లు ఎక్కడ ఎందుకు స్థిరపడ్డారో వరసగా తెలుస్తుంది. అందుకే రాయి దగ్గర మొదలుపెడతాను.

మడగాస్కర్‌కు తూర్పుగా ఎనిమిది, తొమ్మిది వందల కిలోమీటర్ల దూరంలో, 1,865 చదరపు కిలోమీటర్ల దీవి మారిషస్. దాన్ని పుట్టించిన శిలాద్రవపు ఊట ఇప్పుడు పక్కనున్న రీయూనియన్ దీవి కింద ఉంది. అక్కడి పితోన్ ద లా ఫుర్నేజ్ అగ్నిపర్వతం నేటికీ లావా కక్కుతూనే ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట మన దక్కన్ మీద లావా పరచింది కూడా ఆ ఊటే. ఆదిలాబాద్, నిర్మల్, వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల నల్లరాయి, రాజమహేంద్రవరం దగ్గర కాటేరు, పంగిడి గుట్టల బసాల్టు ఆ కాలపువే. భూఫలకం ఉత్తరానికి జరిగేకొద్దీ ఊట మీదుగా ఒక్కో చోటు దాటుతూ లక్షద్వీపాలు, మాల్దీవుల కింది గట్లు, మస్కరీన్ పీఠభూమి వరసగా ఏర్పడ్డాయి. మారిషస్ సముద్రంలోంచి పైకి లేచి ఎనభై, తొంభై లక్షల ఏళ్లవుతుంది. రీయూనియన్ వయసు ఇరవై లక్షల ఏళ్లు.

మారిషస్‌లో లావా మూడు విడతలుగా పొంగింది. సుమారు 47 లక్షల ఏళ్ల కిందటితో ముగిసిన పాత విడత ఒక పెద్ద అగ్నిపర్వతాన్ని కట్టింది. దాని నడుమ కూలిపోగా మిగిలిన అంచు ముక్కలే ఇప్పటి కొండలు. దీవిలో అన్నిటికన్నా ఎత్తైన పితోన్ ద లా పెతీత్ రివియేర్ నువార్ 828 మీటర్లు, పోర్ట్ లూయిస్ వెనకాల పీటర్ బోత్ 820, లె పూస్ 812. తర్వాత 35 నుంచి 17 లక్షల ఏళ్ల మధ్య ఒక విడత, గత పది లక్షల ఏళ్లలో మరొకటి. ఈ చివరి విడత లావా దీవిలో ఎక్కువ భాగాన్ని పలచగా కప్పేసింది. క్యూర్‌పీప్ పట్నం నడుమ ఉన్న త్రూ ఓ సెర్ బిలం, ఇప్పుడు గంగా తలావ్ అని పిలుస్తున్న గ్రాన్ బసాన్ సరస్సు ఈ కొత్త విడతలవే. ఆ పొంగు ఆగి ఇప్పటికి పాతిక, ముప్పై వేల ఏళ్లు దాటింది.

మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. పాత లావా బాగా కుళ్లి మట్టిగా మారింది, దానిమీద నీరు నిలుస్తుంది, వాగులు లోతుగా కోసుకుంటూ పారతాయి. కొత్త లావా మాత్రం పగుళ్లు, సొరంగాలతో నిండిన రాతిపొర. పైన మట్టి జానెడు, మూరెడు, అందులోనూ బండరాళ్లు. వాన కురిసినా నీరు నిలవకుండా అడుగుకు ఇంకిపోతుంది. ఈ కారణంగానే ఉత్తర మైదానంలో పారే నదులు చాలా తక్కువ, అదే కారణంగా భూగర్భజలం పుష్కలం. దేశం తాగే నీటిలో సగం బోర్ల నుంచే వస్తుంది. వరి వేయాలంటే మడిలో నీరు నిలవాలి. ఇలాంటి నేలలో మడి కట్టడమంటే అడుగులేని పాత్రలో నీళ్లు పోయడమే.

మిగతా సగం జవాబు వానది. ఏడాదంతా ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. గాలి ఎదురొచ్చే తూర్పు తీరం నుంచి మధ్య పీఠభూమికి ఎక్కేకొద్దీ వాన పెరుగుతూ, ఎత్తైన చోట ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. అక్కడినుంచి పాతిక కిలోమీటర్లు కూడా లేని పశ్చిమ తీరం గాలిచాటున పడి 900 మిల్లీమీటర్లకు మించదు. ఇంత వాన బసాల్టు మీద లక్షల ఏళ్లు పడితే కాల్షియం, మెగ్నీషియం, సిలికా కడుక్కుపోయి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగులుతాయి. షామరెల్ దగ్గర పర్యాటకులు ఫొటోలు తీసుకునే రంగురంగుల మట్టి దిబ్బలు ఆ క్రమానికి చివరి దశ, వాటిమీద గడ్డి కూడా మొలవదు. తెలంగాణలో అదే జాతి రాయి తక్కువ వానలో ఉండిపోయి నీరు పట్టే నల్లరేగడిగా మారింది. మారిషస్ పీఠభూమిలో ఆమ్లగుణమున్న ఎర్రగోధుమ రంగు మట్టిగా మారింది. అందులో భాస్వరం ఎరువు వేస్తే ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి, మొక్కకు అందేది కొంచెమే. అందుకే అక్కడి చెరకు రైతులు మిల్లులో రసం వడకట్టగా మిగిలే ఫిల్టర్ మడ్డిని నాటే చాళ్లలో వేస్తారు. మడ్డిలోని సేంద్రియ పదార్థం భాస్వరాన్ని కొంతకాలం మట్టికి చిక్కకుండా కాపాడుతుంది. బసాల్టు పిండిని హెక్టారుకు పదుల టన్నుల చొప్పున వేసి, పోయిన సిలికాను తిరిగి ఇచ్చే ప్రయోగాలు అక్కడ గత శతాబ్దం మధ్యలోనే జరిగాయి. కాబట్టి ‘అగ్నిపర్వత నేల సారవంతం’ అన్న పాఠ్యపుస్తకపు మాట కొత్త బూడిద పడిన జావా లాంటి చోట్లకు సరిపోతుంది. కడుక్కుపోయిన పాత లావాకు సరిపోదు.

ఇక తుఫానులు. నవంబరు నుంచి మే దాకా ఎప్పుడైనా రావచ్చు, జనవరి నుంచి మార్చి దాకా గండం ఎక్కువ. అరటి, మొక్కజొన్న, కాఫీ, లవంగం లాంటివి ఒక్క దెబ్బకు పోతాయి. చెరకు వంగుతుంది, ఆకు చీలిపోతుంది, గడలు కొన్ని విరుగుతాయి, కానీ దుబ్బు బతుకుతుంది. 1960 జనవరిలో ఆలిక్స్, ఫిబ్రవరిలో కారల్ తుఫానులు వరసగా కొట్టాయి. 1959లో 5.8 లక్షల టన్నులున్న చక్కెర 1960లో సుమారు 2.36 లక్షలకు పడింది. మరుసటి ఏడాదికే 5.5 లక్షలకు తిరిగి లేచింది. ఇంకే పంటా అలా కోలుకోదు. చెరకుకు అంతకన్నా పెద్ద శత్రువు అనావృష్టి. 1998లో 6.29 లక్షల టన్నులైన చక్కెర 1999 కరువుకు 3.73 లక్షలకు తగ్గింది. కారల్ తర్వాతే గడ్డి ఇళ్లు, రేకుల ఇళ్లు పోయి కాంక్రీటు పైకప్పు ఇళ్లు దీవంతా వచ్చాయి. ఈరోజు ఊళ్లు ఒకే తీరుగా కనిపించడానికి కారణం అదే.

చెరకు పొలం ఎలా తయారవుతుందో తెలిస్తే ఖర్చు ఎక్కడుందో అర్థమవుతుంది. పొలాల నడుమ పిరమిడ్లలా నిలబడ్డ రాతికుప్పలు ఫొటోల్లో చూసే ఉంటారు. అవి బానిసలు, తర్వాత ఒప్పంద కూలీలు చేత్తో ఏరి పేర్చిన బండలు. చేత్తో ఏరిన పొలంలో చాళ్లు రాళ్లను తప్పించుకుంటూ వంకరగా పోతాయి, కోతయంత్రం దిగదు. యంత్రం దించాలంటే మళ్లీ రాళ్లు తీయాలి. ముందు పాత కార్శి (నరికిన దుబ్బు నుంచి మళ్లీ మొలిచే పంట) దుబ్బుల్ని చంపుతారు. బుల్డోజరు వెనక రిప్పరు పెట్టి అడుగు బండల్ని పెళ్లగిస్తారు, పళ్లున్న రేకుతో వాటిని అంచుకు తోస్తారు. పెద్దవి అక్కడే గుట్ట వేస్తారు లేదా లోతుగా పూడ్చేస్తారు, చిన్నవాటిని మరోసారి ఏరతారు. తర్వాత పొడవాటి చాళ్లు, కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడంతో కొత్తగా గీస్తారు. ఇక్కడ తప్పులు రెండు జరుగుతుంటాయి. తడి మట్టి మీద భారీ యంత్రం తిప్పితే నేల గట్టిపడి వేరు దిగదు. వాలు పొలాన్ని జనవరి వానలకు ముందు ఖాళీగా వదిలితే మిగిలిన ఆ కాస్త మట్టీ లాగూన్‌లోకి, అంటే తీరానికీ పగడపు దిబ్బకూ మధ్యనున్న నీళ్లలోకి, పోతుంది. రాతి తొలగింపు ఖర్చును ఒక పంటతో రాబట్టలేరు. మొక్క తోట తర్వాత ఆరేడు కార్శిలు తీస్తేనే గిట్టుబాటు. నాట్ల కాలాన్ని బట్టి మొక్క తోటకు ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. కోత జూన్ నుంచి డిసెంబరు దాకా. నరికిన గడ రెండు రోజుల్లోపు గానుగ పడకపోతే చక్కెర విరిగిపోతుంది కాబట్టి మిల్లుకు దూరమైన పొలం విలువ తక్కువ.

ఒక టన్ను చెరకు నుంచి సుమారు 100 కిలోల చక్కెర, 300 కిలోల తడి పిప్పి, 30 కిలోల చొప్పున మొలాసిస్, మడ్డి వస్తాయి. చక్కెరలో 78 శాతం రైతుకు, 22 శాతం మిల్లుకు అన్నది అక్కడ చాలాకాలం నడిచిన వాటా. పిప్పిని బాయిలర్లో కాల్చి మిల్లులు గ్రిడ్‌కు కరెంటు అమ్ముతాయి, గానుగ లేని నెలల్లో అదే ప్లాంటు బొగ్గుతో నడుస్తుంది. ఆ పిప్పికి చిన్న రైతుకు ఎంత ఇవ్వాలన్నది ఏళ్ల తరబడి నడిచిన తగువు. నా అభిప్రాయంలో ఆ తగువులో రైతు వైపు న్యాయం ఉంది. చక్కెర ధర పడిపోయిన రోజుల్లో మిల్లును నిలబెట్టింది కరెంటు ఆదాయం, ఆ ఇంధనం పండించింది రైతు.

చాళ్ల మధ్య ఖాళీలో మే నుంచి జులై లోపు బంగాళాదుంప వేసి, మూడు నెలల్లో, చెరకు గుబురు కమ్మేలోపు తవ్వి తీసుకునే పద్ధతి అక్కడ బాగా స్థిరపడింది. చిక్కుడు, మొక్కజొన్న కూడా వేస్తారు. కూరగాయలు చాలావరకు దీవిలోనే పండుతాయి. బియ్యం, గోధుమ, నూనె, పాలపొడి, పప్పులు బయటినుంచే. రెండో ప్రపంచయుద్ధంలో ఓడలు రాక చక్కెర తోటల్లో కొంత భాగం తిండి పంటలకు మార్చాలని ప్రభుత్వం ఆజ్ఞాపించింది. యుద్ధం కాగానే అందరూ చెరకుకే తిరిగారు. సోమరితనం వల్ల కాదు. ఎకరా చెరకు అమ్మి కొనగలిగే బియ్యం, అదే ఎకరాలో పండించగల బియ్యం కన్నా చాలా ఎక్కువ.

ఆ లెక్క నిలబడింది మార్కెట్ ధర మీద కాదు, ఒప్పందం మీద. ఇదే రెండో ప్రశ్నకు తాళంచెవి. డచ్చివాళ్లు 1638లో దిగి, 1639లో చెరకు తెచ్చి, 1710లో వదిలేసి వెళ్లిపోయారు. ఫ్రెంచివాళ్లు 1715లో స్వాధీనం చేసుకున్నారు. 1735లో వచ్చిన గవర్నరు మాహే ద లా బుర్దొనే రాజధానిని వాయవ్య తీరంలోని పోర్ట్ లూయిస్‌కు మార్చాడు. ఆగ్నేయాన ఉన్న గ్రాన్ పోర్‌లోకి తెరచాప ఓడ గాలివాటున సులువుగా వచ్చేది, తిరిగి వెళ్లడానికి మాత్రం ఎదురుగాలి. 1810లో దీవి బ్రిటిష్‌వాళ్ల చేతికి వచ్చింది. 1825లో బ్రిటన్ మారిషస్ చక్కెర మీద సుంకాన్ని వెస్టిండీస్ చక్కెరతో సమం చేయగానే దీవి అంతా చెరకు పరుచుకుంది. అది మొదటి ఒప్పందం. రెండోది 1975 నాటి చక్కెర ప్రోటోకాల్. యూరోపియన్ దేశాలు మారిషస్ నుంచి ఏటా 5 లక్షల టన్నులకు పైగా చక్కెరను ప్రపంచ ధర కన్నా బాగా ఎక్కువకు కొంటామని హామీ ఇచ్చాయి. 2006–09 మధ్య ఆ ధరను 36 శాతం కోశారు, ప్రోటోకాల్ ముగిసింది. 2017లో యూరప్ లోపలి చక్కెర ఉత్పత్తి కోటాలూ పోయాయి. స్వాతంత్ర్యం వచ్చిన 1968లో ఇరవైకి పైగా మిల్లులుండేవి, ఇప్పుడు మూడు. ఉత్పత్తి రెండున్నర లక్షల టన్నుల లోపు. మిగిలినవాళ్లు డెమెరారా, మస్కొవాడో లాంటి ప్రత్యేక చక్కెరలు చేసి బతుకుతున్నారు. ఈ శతాబ్దం మొదట్లో ఉన్న చిన్న రైతుల్లో సగం మంది కూడా ఇప్పుడు లేరు. వాళ్ల పొలాలు పొదలు పట్టి ఉంటాయి, లేదా ఇళ్ల స్థలాలవుతాయి.

చెరకు తర్వాత ఏమైంది అన్నదాన్ని చాలామంది అద్భుతంగా చెబుతారు. జరిగింది అద్భుతం కాదు, జాగ్రత్తగా కుదుర్చుకున్న బేరాలు. మలేరియా నిర్మూలన తర్వాత జనాభా వేగంగా పెరిగితే, 1961లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ ఈ దీవి భవిష్యత్తు గురించి చాలా నిరాశగా రాశాడు. 1970లో ఎగుమతి ఉత్పత్తి మండలం చట్టం తెచ్చారు. ముడిసరుకుకు సుంకం లేదు, పన్ను సెలవు ఉంది, ఫ్యాక్టరీ దీవిలో ఎక్కడైనా పెట్టొచ్చు. 1970ల నడుమ చక్కెర ధర ఆకాశానికంటినప్పుడు తోటల యజమానులకు వచ్చిన లాభాలు, హాంకాంగ్ వ్యాపారుల పెట్టుబడి కలిసి అల్లిక, కుట్టు పరిశ్రమ నిలబడింది. ఊళ్లలోనే ఫ్యాక్టరీలు రావడంతో ఆడవాళ్లు వేల సంఖ్యలో పనికి వెళ్లారు, పిల్లల సంఖ్య తగ్గడానికి అదో పెద్ద కారణం. దేశదేశానికీ బట్టల ఎగుమతి కోటాలు పంచిన బహుళ తంతు ఒప్పందం (మల్టీ ఫైబర్ అరేంజ్‌మెంట్) 2004 చివర ముగిశాక ఉద్యోగాలు భారీగా పోయాయి. ఇప్పుడు మిగిలిన ఫ్యాక్టరీల్లో బంగ్లాదేశ్, మడగాస్కర్, నేపాల్, మన దేశపు కూలీలు ఎక్కువగా కనిపిస్తారు. ఒకప్పుడు ఒప్పంద కూలీల్ని తెచ్చిన దీవికి మళ్లీ ఒప్పంద కూలీలే వస్తున్నారు. వాళ్ల హాస్టళ్లు, పాస్‌పోర్టులు, జీతాల మీద గట్టి నిఘా ఉండాలని చరిత్ర తెలిసిన ఎవరైనా కోరుకుంటారు.

ఆర్థిక సేవల సంగతి మనకు దగ్గరిది. 1982లో భారత్‌తో కుదిరిన ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ప్రకారం, మారిషస్ కంపెనీ భారత వాటాలు అమ్మి లాభపడితే పన్ను వేసే హక్కు మారిషస్‌దే. అక్కడ ఆ పన్ను లేదు. దశాబ్దాలపాటు భారత్‌లోకి వచ్చిన విదేశీ పెట్టుబడిలో పెద్ద భాగం ఈ తలుపు గుండానే వచ్చింది. 2016లో సవరించి, 2017 ఏప్రిల్ 1 తర్వాత కొన్న వాటాలకు ఆ వెసులుబాటు తీసేశారు. 2020 ఫిబ్రవరి నుంచి 2021 అక్టోబరు దాకా నల్లధనం నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ బూడిదరంగు జాబితాలో (గ్రే లిస్ట్, అంటే నిఘాలో ఉంచిన దేశాల పట్టిక) దేశం పేరుంది. కార్యాలయాల కేంద్రమైన ఎబెన్‌లోని అద్దాల భవనాల్లో పనిచేసే అకౌంటెంట్ల బతుకు ఢిల్లీ, బ్రసెల్స్ నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది, వాళ్ల తాతల బతుకు లండన్ చక్కెర ధర మీద ఆధారపడినట్టే.

పర్యాటకానికి ఆధారం పగడపు దిబ్బ. దీవి చుట్టూ దాదాపు తెగకుండా ఉన్న ఆ దిబ్బ పెద్ద అలల్ని ఆపి, లోపల నిమ్మళమైన లాగూన్‌ను, తెల్లని ఇసుకను ఇస్తుంది. ఏటి మంచినీరు కలిసే చోట పగడం పెరగదు, పడవ దారులు అక్కడే ఉంటాయి. ఆ ఇసుక కూడా పగడం, గవ్వల పొడే. ఇళ్ల కోసం దశాబ్దాలపాటు లాగూన్ నుంచి తోడి, చివరికి 2001లో నిషేధించారు. ఇప్పుడు కట్టుబడికి వాడేది పొలాల నుంచి, క్వారీల నుంచి తీసిన బసాల్టును మరపట్టిన రాతి ఇసుక. కోవిడ్‌కు ముందు ఏడాదికి పదమూడు, పద్నాలుగు లక్షల మంది పర్యాటకులు వచ్చేవారు, జనాభా 12.6 లక్షలు. 2020 జులై 25న వకాషియో అనే సరుకు ఓడ ఆగ్నేయ తీరంలో దిబ్బ మీదికి ఎక్కి, తర్వాత సుమారు 1,000 టన్నుల ఇంధనం చిమ్మింది. ప్రభుత్వం కదిలేలోపే ఊళ్ల జనం చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కుక్కి, ఖాళీ సీసాలు కట్టి తేలే అడ్డుకట్టలు అల్లారు. పోర్ట్ లూయిస్‌ది ఇంకో గండం. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. కొండ వాలున కట్టడాలు పెరిగి, కాలువలు ఇరుకై, 2013 మార్చి 30న కొద్ది గంటల వానకే 11 మంది చనిపోయారు. 2024 జనవరిలో బెలాల్ తుఫానుకు అవే వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి.

మనుషుల విషయానికొస్తే, ఈ దీవికి ఆదివాసులు లేరు. అందరూ వచ్చినవాళ్లే, ఎలా వచ్చారన్నదాన్ని బట్టి ఎక్కడున్నారో తేలింది. ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లకు 1835 ఫిబ్రవరి 1న స్వేచ్ఛ వచ్చింది, భూమి మాత్రం రాలేదు. చాలామంది తోటలు వదిలి తీరానికి వెళ్లి చేపలు పట్టుకుని బతికారు. నైరుతిన లె మోర్న్ కొండ పారిపోయిన బానిసల ఆశ్రయంగా 2008లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మిల్లులు, పెద్ద తోటలు ఫ్రెంచి సంతతి కుటుంబాల చేతిలో మిగిలాయి. గుజరాతీ ముస్లింలు బియ్యం, బట్టల వ్యాపారానికి పోర్ట్ లూయిస్‌లో స్థిరపడ్డారు, హక్కా చైనీయులు తోట తోటకూ కిరాణా కొట్టు పెట్టి అరువిచ్చారు. 1866–68 మలేరియాకు పోర్ట్ లూయిస్‌లో వేలమంది చనిపోతే, ఉన్నవాళ్లు చలి, వాన ఎక్కువైన క్యూర్‌పీప్‌కు ఎక్కారు. పీఠభూమి పట్నాల వరస అలా పుట్టింది. 1967–73 మధ్య బ్రిటన్ చాగోస్ దీవుల నుంచి వెళ్లగొట్టిన జనాన్ని పోర్ట్ లూయిస్ రేవు పేటల్లో వదిలేశారు. వాళ్లకు జరిగిన అన్యాయం ఇంకా తీరలేదు.

ఒప్పంద కూలీల మొదటి జట్టు, 36 మంది, కలకత్తా నుంచి అట్లాస్ ఓడలో 1834 నవంబరు 2న దిగింది. 1910 దాకా నాలుగున్నర లక్షలకు పైగా వచ్చారు, అందులో మూడింట రెండు వంతుల దాకా ఉండిపోయారు. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు, బట్ట. ఒక రోజు రాకపోతే రెండు రోజుల కూలి కోత. 1870ల తర్వాత చక్కెర ధర పడి, యజమానులు రాళ్ల నేలల్ని, అంచు భూముల్ని ముక్కలుగా అమ్మేశారు. దాచుకున్న డబ్బుతో కూలీలు కొన్నారు. వాళ్లే చిన్న రైతులయ్యారు, పిల్లల్ని చదివించారు, వాళ్ల మనవల తరం దేశాన్ని ఏలింది. అక్కడి పాత దస్తావేజుల్లో భూమి కొలత ఆర్పాన్. ఒక ఆర్పాన్ అంటే మన ఎకరా నాలుగు సెంట్లు.

తెలుగువాళ్లు ఈ ప్రవాహంలో చిన్న పాయ. 1832–33 నాటి డొక్కల కరువు తర్వాతి ఏళ్లలో కోరంగి, విశాఖ, గంజాం తీరాల నుంచి, తర్వాత మద్రాసు రేవు నుంచి వెళ్లారు. 1839 నవంబరులో కోరంగిని పెద్ద తుఫాను ముంచేసింది. రాను రాను గోదావరి, విశాఖ కూలీలకు రంగూన్ దగ్గరి దారైంది, ఐదేళ్ల కట్టుబాటు అక్కడ లేదు. దాంతో మారిషస్ పాయ సన్నగిల్లింది. ఇప్పుడు ఇంట్లో మాట్లాడేది క్రియోల్, బళ్లో మూడో భాషగా తెలుగు. కానీ పండగలు పోలేదు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామ భజనం నేటికీ జరుగుతాయి. ఆ దేవుళ్ల పేర్లు చూస్తేనే ఏ తీరం నుంచి ఓడెక్కారో తెలుస్తుంది. ఉగాది అక్కడ జాతీయ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. రాజ్యాంగం మాత్రం తెలుగు, తమిళ, మరాఠీ, భోజ్‌పురి వాళ్లందరినీ హిందువులన్న ఒకే పద్దులో లెక్కిస్తుంది. 1972 తర్వాత జనగణనలో సముదాయాల్ని అడగడం ఆపేశారు. అందుకే తెలుగువాళ్లు ఎంతమంది అన్నదానికి ఎవరు చెప్పే అంకె అయినా అంచనాయే.

మీ పూర్వీకుల వివరం దొరికే అవకాశం ఉంది. వలస రిజిస్టర్లు మారిషస్‌లో మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. దిగిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చారు, అసలు తాళం ఆ సంఖ్యే. అది దొరికితే ఓడ, దిగిన తేదీ, వయసు, తండ్రి పేరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, ఊరు, జిల్లా, చేరిన తోట, పెళ్లి, మరణం ఒకదాని వెంట ఒకటి తగులుతాయి. 1860ల తర్వాతి వాళ్లకైతే ఫొటో కూడా ఉండొచ్చు. సంఖ్య తెలియకపోతే అక్కడున్న దాయాదుల్ని వెతకడం దగ్గరి దారి. వాళ్లు తమ జనన, వివాహ పత్రాల్ని తరం వెంట తరం వెనక్కి పేర్చుకుంటూ పోతే మొదటి మనిషి పత్రంలో ఆ సంఖ్య ఉంటుంది.

తప్పటడుగులు పడేది పేర్ల దగ్గర. రాసినవాళ్లు ఫ్రెంచి, ఇంగ్లీషు గుమస్తాలు. నాయుడు ‘నైదూ’ అయ్యాడు, ఇంటిపేరు చాలాసార్లు రాయనే లేదు, తండ్రి పేరే తర్వాతి తరానికి ఇంటిపేరైంది. కాబట్టి మీ ఇంటిపేరు పట్టుకుని వెతకొద్దు. మనిషి పేరు, తండ్రి పేరు, సుమారు దశాబ్దం పట్టుకోండి. ఓడెక్కిన రేవును ఊరనుకోవద్దు. ‘మద్రాస్’ అని ఉంటే కడప మనిషి కావచ్చు, తంజావూరు మనిషీ కావచ్చు. ‘కోరింగీ’ అని ఉంటే తెలుగువాడని అర్థం, కోరంగి ఊరివాడనే కాదు. జిల్లాల్ని ఆనాటి హద్దులతో చదవండి. 1859కి ముందు గోదావరి జిల్లా లేదు, రాజమండ్రి జిల్లా ఉండేది. కృష్ణా బదులు మచిలీపట్నం ఉంటుంది. ‘గంజాం’ అని చూసి ఒడిశా అనుకోకండి, చికాకోల్ అంటే మన శ్రీకాకుళం 1936 దాకా ఆ జిల్లాలోనే ఉండేది. మారిషస్‌లో సంఖ్య దొరికాక ఆ ఓడ పేరు, ఏడాదితో చెన్నైలోని తమిళనాడు ప్రభుత్వ పురాభిలేఖాగారంలో మద్రాసు ప్రెసిడెన్సీ వలస కాగితాలు అడగండి. ఈ వరస తిరగేసి ముందు చెన్నైలో మొదలుపెడితే వేల పేజీల్లో పేరు కోసం గాలించాల్సి వస్తుంది. మీ దగ్గరున్నవి, అంటే వెళ్లినాయన పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, తాలూకా, ఇంట్లో చెప్పుకునే సుమారు కాలం, ఒక కాగితం మీద తెలుగులోనూ, ఇంగ్లీషులో రెండు మూడు రకాల స్పెల్లింగులతోనూ రాసి ముందుగా ఇన్‌స్టిట్యూట్‌కు పంపండి.